రహమత్ సార్ దిద్దిన కాగితం

మా పై వాటాలో అద్దెకుంటున్న అమ్మాయికి పరీక్షలు దగ్గరపడ్డాయి. తెల్లవారుతూనే పుస్తకం పట్టుకుని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడవడం మొదలుపెడుతుంది. ఆ వేళకు ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంకా బళ్ల రద్దీ ఉండదు కనుక ఆ చెప్పుల చప్పుడు సరిగ్గా నా తల మీదే వినిపిస్తుంది. టపటపా వెళ్తుంది, ఆగుతుంది, తిరుగుతుంది, మళ్లీ వెళ్తుంది. "నడవొద్దని చెప్పమంటారా మామయ్యా?" అని మా కోడలు అడిగింది. వద్దన్నాను. ఆ చప్పుడు వింటుంటే నాకూ ఒకచోట కూర్చోబుద్ధి కాదు. చేతిలో కాఫీ చల్లారిపోతున్నా లేచి వరండాలో తిరుగుతాను. నాకు చదవడం, రాయడం నేర్పిన మనిషి ఒక్కనాడూ కూర్చుని పాఠం చెప్పలేదు.

ఆయన పేరు రహమతుల్లా. యూనివర్సిటీలో మాకు చరిత్ర చెప్పేవారు. మేమంతా రహమత్ సార్ అనేవాళ్లం. సిద్దిపేట వైపు బట్టలకు రంగులద్దే కుటుంబంలో పుట్టారు. క్లాసులో ఉర్దూ, ఇంట్లో మన తెలుగే. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. షేర్వానీ మెడ దగ్గరి గుండీ ఎప్పుడూ ఊడే ఉండేది. పాఠం చెబుతూ బల్లల మధ్య అటూ ఇటూ తిరుగుతుంటే మా మెడలూ ఆయనతోపాటే తిరిగేవి. మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టర్లకు రెండు సందుల అవతలే సార్ అద్దె ఇల్లు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. బడి నుంచీ ఉర్దూలోనే చదివాను. చదవడమంటే బట్టీ పట్టడమని, రాయడమంటే బట్టీ పట్టినదాన్ని అందంగా అప్పజెప్పడమని నా నమ్మకం.

మొదటి ఏడాది కాకతీయుల పతనం మీద వ్యాసం రాసుకు రమ్మన్నారు. నాకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ పోగుచేసి పేజీలకు పేజీలు నింపాను. కోట గోడలు ఏడ్చాయని, ఆకాశం నల్లబడిందని రాశాను. సార్ నన్ను ఇంటికి రమ్మని, వాకిట్లో తిరుగుతూ మొత్తం చదివారు.

"నర్సిమ్లూ, కోట గోడలు ఏడ్సినయని రాసినవ్. నువ్వు చూసినవా?"

"లేదు సార్."

"మరి నీకెవరు చెప్పిండ్రు?"

"పుస్తకంలో ఉంది సార్."

"పుస్తకానికెవరు చెప్పిండ్రు?"

ఆయన పెన్సిలు తీసి గీతలు కొట్టుకుంటూ పోయారు. చివరికి నాలుగైదు వాక్యాలు మిగిలాయి. నాకు ఏడుపొచ్చింది. "జెర ఆగు, గీ మిగిలినయే నీ వ్యాసం. వీటితోని షురూ చెయ్యి. ఒక్కో మాట ముందర నిలబడి అడుగు, ఇది నాకు ఎట్ల తెలుసని. జవాబు దొరకకుంటే తీసెయ్యి" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో నా చదువు మొదలైంది. పుస్తకంలో ఒక పేజీ చదివి, పుస్తకం మూసి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పాలి. చెప్పలేకపోతే చదవనట్టే లెక్క. కాగితం మధ్యలో నిలువుగా గీత గీసి, ఒకవైపు పుస్తకం అన్నది, రెండోవైపు నేను అనుకున్నది రాయాలి. మొదట్లో నా వైపు ఎప్పుడూ ఖాళీయే. "నీకు సుత ఒక తలకాయ ఉన్నదిరా" అనేవారు, తన తల గోక్కుంటూ.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. ఊళ్లో ఎవరికీ కుదురు లేదు. ఎండాకాలంలో ఒక సాయంత్రం సికింద్రాబాద్‌లోని ఒక మైదానంలో రజాకార్ల సభ జరిగింది. బజారు నుంచి తిరిగివస్తూ భయంభయంగా ఆ పక్క నుంచే నడిచాను. జనం చివర, గోడ వారన రహమత్ సార్ నిలబడి ఉన్నారు. మా కళ్లు కలిశాయి. ఆయన పలకరించలేదు, నేనూ పలకరించలేదు. కొంతదూరం వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే ఆయన మైదానం వదిలి వేగంగా స్టేషన్ వైపు వెళ్లిపోతున్నారు. ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదు, ఆయన్నీ అడగలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి యూనివర్సిటీ మూతపడింది. రోజుకో పుకారు పుట్టేది. తాగే నీళ్లలో విషం కలిపారన్నారు. వర్క్‌షాపు తగలబెడతారన్నారు. ఒకనాటి పొద్దున నా సహాధ్యాయి విఠల్ పరుగున వచ్చి, ఆ రాత్రే రజాకార్లు క్వార్టర్ల మీద పడతారట అన్నాడు. మా అమ్మ ఏడుస్తూ మూటలు కట్టింది. రైళ్లు లేకపోయినా నడిచైనా పోదామని నాన్న పట్టుబట్టాడు. అంతలో సార్ మా గడప ముందుకు వచ్చారు. ఆయన్ని చూసి అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

"ఎవరు చెప్పిండ్రు విఠల్ నీకు?" అని అడిగారు.

"పాలాయన చెప్పిండు సార్."

"నడువు, అడుగుదాం."

మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని ఆయన సందులన్నీ తిరిగారు. పాలాయనకు కట్టెల అడితీవాడు చెప్పాడు, అతనికి ఎవరో బండివాడు చెప్పాడు, బండివాడు ఎక్కడో విన్నాడు. కళ్లారా చూసినవాడు ఒక్కడూ దొరకలేదు. తిరిగొచ్చి నాన్నతో, "ఏమీ గాదని నేను చెప్త లేను. ఎవరూ చూడలేదని చెప్తున్న. పిల్లగాండ్లను తీసుకొని గీ వానల యాడికి పోతరు?" అన్నారు. నాన్న గుమ్మంలోంచి వాన వైపు ఒకసారి చూసి, మూటలు విప్పమన్నాడు. ఆ రాత్రి ఎవరూ రాలేదు. కొన్నాళ్లు విమానాల మోత వినిపించింది. ఆ తర్వాత బొల్లారం వైపు నుంచి భారత సైన్యం వచ్చిందని జనం రోడ్ల మీదికి ఉరికారు. మా వీధిలో కొబ్బరికాయలు కొట్టారు. సార్ సందులో మాత్రం తలుపులు తెరుచుకోలేదు. భయం పోలేదు, ఒక వీధి నుంచి లేచి పక్క వీధికి మారింది.

యూనివర్సిటీ మళ్లీ తెరిచాక ఇక చదువు ఇంగ్లీషులోకి మారుతుందన్నారు. మాకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఉర్దూలో పేజీలు నింపగల నాకు ఇంగ్లీషులో ఒక్క పేరా రావడానికి పూట గడిచేది. సార్‌కూ అదే బాధ. ఇంగ్లీషు పుస్తకాలు ఎన్నో చదివారు గానీ ఆ భాషలో పాఠం చెప్పి ఎరగరు. ఇంట్లో నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, నడుస్తూ అభ్యాసం చేసేవారు. వాక్యం మొదలుపెట్టి, మధ్యలో దారి తప్పి, నవ్వి, మళ్లీ మొదటికి వచ్చేవారు. "పొడుగు వాక్యం మనకొద్దు నర్సిమ్లూ. చిన్నది రాద్దాం. చిన్నదాంట్ల అబద్ధం దాగది" అనేవారు. మా ఇద్దరికీ ఆ భాష ఒకేసారి వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పుడే ఆయన మీద ఫిర్యాదు వచ్చింది. రజాకార్లకు సాయం చేశాడని, విద్యార్థులను రెచ్చగొట్టాడని ఎవరో పేరు లేకుండా రాశారు. విచారణ అయ్యేదాకా క్లాసుకు రావద్దన్నారు. ఆయన గురించి తెలిసినవాళ్లు రాతపూర్వకంగా చెప్పవచ్చని మాకు కబురందింది. విఠల్ రాత్రికి రాత్రి ఒక కాగితం తయారుచేశాడు. సార్ దేవుడిలాంటి మనిషని, ఇల్లు, క్లాసు తప్ప మరో చోటు ఎరగరని అందులో ఉంది. అందరూ దాన్నే చూసి ఎవరికి వాళ్లు రాశారు. నేను మాత్రం సొంతంగా రాయాలనుకున్నాను. ఇంగ్లీషులో, అలవాటుకొద్దీ, పెద్ద మాటలతోనే రాసి, భాషా దోషాలు చూడమని సార్ దగ్గరికే పట్టుకెళ్లాను.

ఆయన నిలబడే చదివారు. పెన్సిలు తీశారు. గీత కింద దేవుడు పోయాడు. మహనీయుడు పోయాడు. మూటలు విప్పించిన రోజు సంగతి మాత్రం ఉంచారు. తర్వాత నన్ను చూసి, "మైదానం సంగతి రాయలే?" అన్నారు.

"మీకు నష్టం సార్."

"నువ్వు చూసినవా, లేదా?"

"చూశాను."

"మరి రాయి."

పరదా వెనక నుంచి ఆయన భార్య జైనబమ్మ ఒక్కసారిగా బయటికొచ్చింది. అంతకుముందు ఆమె నా ముందు గొంతెత్తి మాట్లాడగా వినలేదు. "మీకు దిమాక్ ఉన్నదా? పిల్లగాడు మీ కోసం రాస్తుంటే మీ మెడకు మీరే ఉరి పేనుకుంటరా? మీ పిల్లలు ఏం తినాలె?" అంది. సార్ నడుస్తూ గది ఆ చివరికి వెళ్లి, కిటికీ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు. అక్కణ్ణుంచే, "వానికి నేను రెండేండ్లు ఒక్కటే నేర్పిన. ఇయ్యాల నా కోసమని అది మర్చిపోరా అని ఎట్ల చెప్పాలె?" అన్నారు. జైనబమ్మ కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

మర్నాడంతా నేను ఎక్కడా నిలవలేకపోయాను. రైలు పట్టాల వెంబడి చాలా దూరం నడిచి వెనక్కి వచ్చాను. నాన్నకు చెబితే, "నీకెందుకురా గీ లొల్లి? అసలే రాయకు" అన్నాడు. విఠల్ అయితే నా చొక్కా పట్టుకున్నాడు. "ఆ మాట రాస్తే ఆయన గొంతు నువ్వే కోసినట్టు" అన్నాడు. వాడి మాటలో తప్పు కనిపించలేదు. సార్ మాటలోనూ కనిపించలేదు. చివరికి వర్క్‌షాపు గోడ నీడలో కూర్చుని రాశాను. ఆయనను సభలో చూశాను. జనం చివర నిలబడి ఉన్నారు. సభ ముగియకముందే వెళ్లిపోయారు. ఎందుకు వచ్చారో నాకు తెలియదు. ఇంగ్లీషులో నేను నిజంగా సొంతంగా రాసిన మొదటి వాక్యాలు అవి.

విచారణ జరిపిన అధికారి మద్రాసు నుంచి వచ్చినాయన. కోస్తా తెలుగు మాట్లాడేవాడు. నన్ను పిలిపించి, కాగితం బల్ల మీద పెట్టాడు.

"మిగతా కుర్రాళ్లంతా ఆయన ఇల్లు కదలడని రాశారు. నువ్వేమో సభలో చూశానంటావు. చప్పట్లు కొట్టాడా?"

"చూడలేదండి."

"అంటే కొట్టలేదంటావా?"

"చూడలేదంటున్నానండి."

ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశాడు. "ఎవరు నేర్పారయ్యా నీకు ఇలా మాట్లాడ్డం?"

"ఆయనేనండి."

అధికారి మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నాడు. ఏదో రాసుకుని వెళ్లమన్నాడు.

ఆ ఏడాదంతా సార్‌ను క్లాసుకు పిలవలేదు. జైనబమ్మ చుట్టుపక్కల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పి ఇల్లు నడిపింది. నేను రోజూ వెళ్లి చదువుకునేవాణ్ణి. ఆమె నాతో మాట్లాడేది కాదు గానీ చాయ్ గ్లాసు మాత్రం నా ముందు పెట్టి వెళ్లేది. ఆ గ్లాసు చూసినప్పుడల్లా లేచి పారిపోవాలనిపించేది. తర్వాతి ఏడు ఆయన్ని తిరిగి తీసుకున్నారు, కానీ కింది స్థాయిలో. ఆయన తర్వాత చేరినవాళ్లు ఆయనకు పైవాళ్లయ్యారు. నా కాగితం ఆయన్ని కాపాడిందో, కిందికి దించిందో ఎవరూ చెప్పలేదు. విఠల్ మాత్రం దించిందనే నమ్మాడు. మళ్లీ ఎప్పుడూ నాతో మనసు విప్పి మాట్లాడలేదు. సార్ కొత్త గదిలో, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలతో, అలాగే నడుస్తూ పాఠాలు చెప్పారు.

నేనూ చరిత్ర అధ్యాపకుణ్ణయ్యాను. పిల్లల వ్యాసాలు దిద్దాను. వాళ్లూ నన్ను తిట్టుకునే ఉంటారు. సార్ రిటైరయ్యాక బొల్లారంలో కూతురి దగ్గర ఉండేవారు. చివరిసారి చూడటానికి వెళ్లేసరికి మోకాళ్లు ఆయన్ని మంచానికి కట్టేశాయి. కూర్చున్నా పాదాలు మాత్రం నేల మీద కదులుతూనే ఉన్నాయి. జైనబమ్మ అప్పటికి లేదు. ఎన్నో ఏళ్లుగా నాలో తిరుగుతున్న ప్రశ్న ఆ రోజు అడిగేశాను.

"సార్, ఆ సభకు ఎందుకు వెళ్లారు?"

"భయంతోని పోయిన. అందరు పోతుండ్రు, నేను పోకుంటే ఏమంటరో అని. ఆడ నిలబడినంక ఇంక ఎక్కువ భయమైంది. వచ్చేసిన."

ఆ మాట ఆ అధికారికి చెప్పి ఉంటే బాగుండేది కదా అన్నాను. "నన్నెవరూ అడగలే. అడిగినా నమ్మకపోదురు" అని చిన్నగా నవ్వారు. నా మొహంలో ఏం కనిపించిందో, "ఏం, ఎక్కడన్న రాస్తవా?" అన్నారు.

"మీరు సరేనంటే రాస్తాను సార్."

"రాయి. కానీ నేను చెప్పిన అని రాయి. అదే నిజమని రాయకు. నీకెట్ల తెలుసు?"

అందుకే ఇక్కడ రాస్తున్నాను. భయపడి వెళ్లానని ఆయన చెప్పారు. నేను నమ్మాను. అంతకు మించి నాకు తెలియదు. ఎందుకు వెళ్లారో తెలియకుండానే ఆయన్ని ప్రేమించాను, ఆ తెలియనితనంతోనే ఇన్నాళ్లు బతికాను, కుదురుగా ఒక్క రోజైనా కాదు.