ముసురు చూడని పలక

కొత్తకోట బడిలో నేను పంతులుగా కొత్తగా చేరిన రోజుల్లో మా పక్కింట్లో వడ్రంగం చేసే ఒక వడ్లాయన ఉండేవాడు. మా బడికి టేకు తలుపులు కొనే స్తోమత లేదని తెలిసి, రంపపు పొట్టులో కరిగించిన లక్క కలిపి తలుపు కోసం ఒక పలక చేశాడు. దాన్ని ఎండాకాలమంతా ఆరుబయటే ఉంచి, రోజూ పొద్దున్నే బొటనవేలి గోరుతో నొక్కి చూసేవాడు.

ఆ ఆషాఢంలో ఆయన భార్య మహబూబ్‌నగర్ దవాఖానలో చనిపోయింది. మూడోనాడు కూడా ఆయన పలక దగ్గరే కనిపించాడు.

"గీ దినం గూడనా అన్నా?" అన్నాను.

"చేతులు ఊకుంటలేవు సారూ," అన్నాడు. కళ్లు పొడిగా ఉన్నాయి.

వారం తర్వాత నేనే తొందరపెట్టాను. "గట్టిగనే ఉన్నది గదా. ఇగ బిగియ్యి అన్నా."

"ఇంకా ముసురు చూడలే సారూ. వానకు నాని పిల్లల మీద పడితే ఎవలు జవాబు చెప్తరు?"

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. పలక ఉబ్బిపోయి, అంచులు పొట్టుపొట్టుగా రాలాయి. ఐదోనాడు ఆయన తడిసిన తలతో బడికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పోయింది సారూ," అన్నాడు.

దవాఖాన నుంచి తిరిగొచ్చిన రోజు, భార్య గురించి నాతో అన్నదీ ఆ ఒక్క మాటే, ఆ గొంతుతోనే.