నిప్పు కనబడని వేడి

మాది విశాఖ జాలరిపేట. ఈమధ్య వాటర్ డిస్పెన్సర్ కొనడానికి మా అత్తతో కలిసి షాపుకెళ్లాను. వేడినీళ్లు చూపిస్తానని షాపతను ఎర్ర మీట నొక్కాడు. కొత్త పడవ సముద్రంలోకి దించిన రోజు తొలి నీళ్లు దోసిట పట్టి నెత్తిన చల్లుకోవడం మా అత్తకు అలవాటు. ఇదీ కొత్తదే కదా అని, మేం ఆపేలోపే ఆ మరిగే నీళ్లకు దోసిలి పట్టేసింది. గబగబా చన్నీళ్లు పోశాను. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఆమె మాత్రం చేతులు చూసుకోకుండా మిషన్ వెనక్కి తొంగిచూసింది.

“నిప్పు లేదు, పొగ లేదు. ఇంత యేడి ఎక్కడ్నించొచ్చిందే?”

కాసేపు దాన్నే చూసి, కందిన చేతులతోనే దండం పెట్టింది.

“సముద్దరం లాగే, పైకేటీ కనబడదు. ఇదే తీసుకో.”

అదే కొన్నాం. ఎర్ర మీట నొక్కే ముందు నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది.