లజ్‌హర్ బాబాయి ఉప్పు కాపలా

ఎరువు ఉప్పుతో ఆడపిల్లను పుట్టించిన మొనగాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. పేరు లజ్‌హర్. మెత్లవి అనే గనుల ఊళ్లో ఫాస్ఫేటు రైలు నడిపి రిటైరయ్యాడు. నమ్మకపోతే ఆ వీధిలో ఎవర్నయినా అడగండి, అందరూ ఇదే చెబుతారు. కాకపోతే గుసగుసగా చెబుతారు. గట్టిగా మాట్లాడే అలవాటు ఆ వీధికి ఎప్పుడో పోయింది.

అంతా ఆయన సీసాల చలవ. టమాటా తోటలకు వేసే తెల్లని ఎరువు ఉప్పును వేడినీళ్లలో కరిగిస్తాడు. దారానికి చిన్న పలుకు కట్టి అందులో వేలాడదీస్తాడు. సీసాను దుప్పట్లో చుట్టి పెడతాడు. నీళ్లు నిదానంగా చల్లారేకొద్దీ ఆ పలుకు అద్దంలాంటి స్ఫటికమై పెరుగుతుంది. కదిలిందో, అంతా అడుగున గుండలా పేరుకుంటుంది. అందుకే ఎవరు తుమ్మినా "కదపకండి" అంటాడు. గనిలో పేలుడు వినబడితే పరుగెత్తుకెళ్లి సీసాను కావిలించుకుంటాడు. ఒకసారి పెళ్లి ఊరేగింపు వస్తుంటే డప్పులవాళ్లందరి చేతుల్లో టీ గ్లాసులు పెట్టి, చప్పుడు లేకుండా వీధి దాటించాడు. తన పెళ్లి అయిందో లేదోనని ఆ పెళ్లికూతురికి ఇప్పటికీ అనుమానమే.

పక్కింటి కోడలు వసీలాకు మాత్రం ఆ ఆగస్టులో నవ్వు రావడం లేదు. ఆమెకు మూడో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. బరువులెత్తొద్దు, మెట్లెక్కొద్దు, వీలైనంతసేపు పడుకో అని డాక్టరు గట్టిగా చెప్పింది. భర్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు వసీలా. పొట్ట కనబడకముందే బయటపెడితే దిష్టి తగులుతుందని ఊరందరికీ భయం, ఆమెకు మరీ భయం. అత్తగారు మబ్రూకాకు చెప్పడమంటే మసీదు మైకులో చెప్పడమే.

సరిగ్గా అప్పుడే ఏడాదికి సరిపడా కుస్కుస్ చేసుకునే రోజులొచ్చాయి, మొదటి వంతు మబ్రూకా ఇంటిది. రవ్వ బస్తాలు దిగాయి. రవ్వ తడిపి, వెడల్పాటి చెక్క పళ్లేల్లో అరచేతులతో నలిపి, డాబా మీదికి మోసి ఆరబెట్టాలి. వీధి ఆడవాళ్లంతా వస్తారు. కోడలు రాకపోతే ఎందుకు రాలేదంటారు. నడుం నొప్పి అంటే, నడుం మీద పడిన చూపు పొట్ట దగ్గర ఆగుతుంది. ఏ అబద్ధం ఆడాలో తోచక వసీలా ఆ సాయంత్రం నీళ్ల బకెట్టుతో సగం మెట్లెక్కి, బకెట్టు దించి, రెండు చేతులూ గోడకు ఆనించి నిలబడిపోయింది. పక్కింట్లో లజ్‌హర్ తన గుమ్మంలోంచి చూస్తున్నాడు, సీసాను చూసినట్టు. కదపకండి అనలేదు.

పొద్దున్నే తువ్వాలు చుట్టిన సీసాతో వాళ్ల వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. తన జీవితంలోకెల్లా పెద్ద స్ఫటికం ఇదేననీ, పగలంతా ఎవరో ఒకరు పక్కన కదలకుండా ఉండి కనిపెట్టాలనీ చెప్పాడు.

"నువ్వే ఉండొచ్చుగా," అంది మబ్రూకా.

"నాకు గురక."

"అయితే నేనొస్తాలే."

"నువ్వు ఊపిరి వదిలితే రైలే పట్టాలు తప్పుతుంది. ఈ అమ్మాయి చాలు, తేలిక ఊపిరి."

కోడల్ని తెచ్చుకున్నది ఎరువుకు కాపలా పెట్టడానికా అని మబ్రూకా విరుచుకుపడింది. దానికాయన, ఆ అమ్మాయి బదులు తన భార్య హనియా వస్తుందన్నాడు. కుస్కుస్ నలపడంలో హనియా చేతులకు వీధిలో సాటి లేదు. మబ్రూకా వెంటనే లోపలికెళ్లి హనియాకు పెద్ద పళ్లెం తీసిపెట్టింది.

వసీలా ఆయన వెనకగదిలో సీసా పక్కన పడుకుంది. కూర్చుంటే నీడ పడి ఉప్పు బెదురుతుందట, పడుకునే చూడాలట. ఈ పిచ్చాయన పిచ్చి తనకు కలిసొచ్చిందనుకుంది. కానీ సీసా చెడితే మళ్లీ డాబా ఎక్కాలి. తువ్వాలు తాకడానిక్కూడా భయమే. ఓ మధ్యాహ్నం గనిలో పేలుడుకి కిటికీలు గలగలలాడాయి. ఆమె పొట్ట పట్టుకుని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి లజ్‌హర్ రొప్పుతూ గుమ్మంలో ఉన్నాడు. సీసా వైపు చూడనేలేదు. ఆమె ముఖం చూసి, మంచినీళ్ల గ్లాసు పెట్టి వెళ్లిపోయాడు.

మబ్రూకా ఇంట్లో కుస్కుస్ అయిపోయింది. ఒక్కో ఇంటి వంతూ అయిపోయింది. ఆ మహా ఉప్పు మాత్రం పెరుగుతూనే ఉంది, వసీలా పొట్ట అందరికీ కనబడేదాకా. అప్పుడు ఇక కాపలా చాలన్నాడు.

చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. ఏడోరోజు విందులో మబ్రూకా మనవరాలిని ఎత్తుకుని, ఇదంతా ఆ ఉప్పు మహిమేననీ, ఆ స్ఫటికం గుమ్మంలో పట్టనంత పెరిగిందనీ, దాని గాలి తగిలితే గొడ్డుమేక కూడా ఈనుతుందనీ వచ్చినవాళ్లందరికీ చెప్పింది. వెళ్లి దాన్ని తెమ్మంది. అందరూ లజ్‌హర్ వైపు తిరిగారు, వసీలా కూడా.

ఆయన నోట్లో మాంసం ముక్క నమిలి మింగి అన్నాడు:

"ఉప్పుకు పిల్లలు పుట్టరు, మబ్రూకా. అయినా ఆ సీసాలో ఉప్పెక్కడిది? కుళాయి నీళ్లు. ఉప్పయితే దుప్పట్లో చుట్టి వదిలేస్తే చాలు, కాపలా దేనికి?"