వల కింద నది

చిల్కా సరస్సు అడుగున మునిగిపోయిన ప్రాచీన లోకాన్ని వెలికితీసిన వీరగాథ ఇది. నిజానికి వీరగాథేమీ కాదు. బురద కింద ఏముందో చూడటానికి ఇద్దరం ఖరగ్‌పూర్ నుంచి రైల్లో వెళ్లాం. ఒకరికి వాంతులయ్యాయి. అది నేనే.

సిరి అక్కది కరీంనగర్. మా ఊరు ఖరగ్‌పూర్‌కి ఇంజనీరింగ్ చదవడానికొచ్చి పరిశోధన చేస్తోంది. సముద్రం ఇంకా దూరంగా ఉన్న కాలంలో, ఇప్పుడు సరస్సున్న చోట ఒక నది పారిందని ఆమె నమ్మకం. దాని దారిని పటంగా గీయాలి. ఇదివరకు వెళ్లినప్పుడు దొరకలేదు. ఈసారీ దొరక్కపోతే అంశం మార్చుకోమన్నారు గైడుగారు. నాకు ఒడియా వచ్చని, పెట్టెలు మోస్తానని నన్ను వెంటబెట్టుకుంది.

ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ నుంచి బయల్దేరుతుంటే అమ్మ, "నీళ్ల కింద నదేటిరా? అదీ నీళ్లే కదేటి?" అంది. పెట్టె భుజానేసుకుని స్టేషన్‌కి నడిచాను.

పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి సరస్సు ఒడ్డునున్న బాలుగావ్. దారిలో ఎదుటి సీటు పెద్దాయన మా యంత్రం పెట్టె మీద కాళ్లు చాపుకుని, లోపలేముందన్నాడు. నీళ్లలోకి శబ్దం పంపి అడుగు నేలను చూసే యంత్రమన్నాను. "ఠీక్ హై" అన్నాడు. కాళ్లు మాత్రం కటక్ దాకా తీయలేదు. స్టేషన్ దగ్గరే లాడ్జి. చేపల పులుసు బాగుంది.

మర్నాడు ఆరింటికి పడవెక్కాం. నడిపే అప్పన్న గంజాం వైపు జాలరి, మా ఇంటి యాసే. యంత్రం తెర మీద సరస్సు అడుగు గీతలా కనిపించింది, దాని కింద మరో గీత.

"అక్కా, ప్రాచీన భూమి" అన్నాను.

"అది పైగీతదే ఎకో, ప్రతిధ్వనిరా. సప్పుడు చెయ్యక పెట్టె పట్టు."

పదింటికి ఇంకో గీత లోతుకు వంగడం మొదలైంది. అక్క తెర మీదికి వంగింది. సరిగ్గా అక్కడే అప్పన్న ఇంజను ఆపేశాడు. ఎదురుగా కర్రలకు కట్టిన వల.

"ఇది సిమ్మాద్రి వలమ్మా. ఆడికి సెప్పకుండా దీని మీంచి పడవ పోదు."

చుట్టూ తిరిగి పోదామన్నాను.

"నది చుట్టు తిరిగి పోలేదురా" అంది అక్క.

అప్పన్న ఫోన్ చేశాడు. గాలి పెరిగితే వెనక్కి తిప్పేస్తానని ముందే చెప్పి ఉన్నాడు కాబట్టి అక్క ఒకసారి ఒడ్డు వైపూ, ఒకసారి మబ్బుల వైపూ చూస్తూ కూర్చుంది. నా వాంతుల ఘట్టం ఇక్కడే, ఆగి ఉన్న పడవలో. చివరికి సిమ్మాద్రి తాపీగా వచ్చి, పడిన చేపలు తీసుకుని, వల ముడి విప్పుతూ అడిగాడు.

"ఏటి ఎతుకుతున్నారమ్మా?"

"పాత నది, అన్నా."

"సేపలున్నాయేటి దాంట్లో?"

"లేవు."

"మరెందుకమ్మా ఇంత గోల?" అంటూనే వల దించాడు.

పడవ నడక వేగంతో తిన్నగా సాగింది. గీత దిగి, దిగి, గిన్నెలా తిరిగి పైకొచ్చింది.  వెనక్కొస్తూ అక్క మళ్లీ అదే దారిన పోనిమ్మంది. మళ్లీ గిన్నె, నది కోసిన పల్లం. అప్పుడు నవ్వింది. సిమ్మాద్రికి కూడా చూపించాం. "ఇదేనేటి?" అన్నాడు.

తిరుగు రైల్లో అక్క పటం మీద ఆ నదిని గీసుకుంటూ కూర్చుంది. అంశం మార్చక్కర్లేదని గైడుగారు ఫోన్లో చెప్పారు. ఎప్పుడో జంతువులు దిగి నీళ్లు తాగిన ఒడ్డు మీదుగా మేం తేలుతూ వెళ్లామంటే నాక్కూడా కాస్త గంభీరంగానే అనిపించింది. వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట: పడవలో మరుగుదొడ్డి లేదు.