అవ్వకు గీసిన కళ్ళు

కొత్త వస్తువు డబ్బా విప్పినప్పుడు వచ్చే థర్మోకోల్ వాసన నాకు ఏనాడూ నచ్చలేదు. అయినా ఈ బతుకమ్మ రోజుల్లో, జనగామలోని ఒక దుకాణంలోకి సగం దించిన షట్టరు కింద నుంచి వంగి వెళ్ళి, ఆ వాసనను భరిస్తూ నిలబడవలసి వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై వారాలు గడిచాయి. బస్సులు డిపోలు దాటడం లేదు, బడులు మూతపడ్డాయి. ఏళ్ళ తరబడి బడి గంట ప్రకారమే జీవించిన ప్రధానోపాధ్యాయురాలిని కావడం వల్ల, పనిదినాన పిల్లలు వీధుల్లో కనిపిస్తే నాకు మనసు కుదుటపడదు. మా అల్లుడిది చెల్పూరు కరెంటు ప్లాంటులో ఉద్యోగం. బడి లేక ఇల్లు పీకి పందిరి వేస్తున్నదని మా అమ్మాయి తన పదేళ్ళ కూతురు మేఘనను ఎవరిదో జీపులో నా దగ్గరికి పంపింది. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి, ఊరంతా కలిసి వండుకు తినే నిరసనను ఫోటోలు తీస్తానని ఆ పిల్ల పట్టుబట్టింది. మొదటి కెమెరా గనుక, తెలిసినవారిని విచారించి, ఉండవలసిన లక్షణాలను కాగితం మీద వరుసగా రాసుకుని వెళ్ళాను: చిన్న చేతిలో ఇమడాలి, కింద పడితే పగలకూడదు, బజారులో దొరికే మామూలు బ్యాటరీ సెల్లులతో నడవాలి.

దుకాణదారు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. గులాబీ రంగు కెమెరా ఒకటి తీసి, "గిది చూడుండ్రి మేడం. గీ బటన్ ఒత్తితే మొకం మీద మచ్చలు గిట్ల అన్ని పోతయ్, కండ్లు సుత పెద్దగ చేస్తది" అంటూ మేఘనను ఫోటో తీసి చూపాడు. ఆ చిన్న తెర మీద నా మనుమరాలి ముఖంలో నుంచి ఎవరివో కళ్ళు నన్ను చూశాయి. అటువంటి కళ్ళను నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను.

పాలకుర్తి దగ్గరి మా ఊళ్ళో నాయనమ్మను మేమే కాదు, ఆమె కొడుకైన మా బాపు కూడా అవ్వ అనే పిలిచేవాడు. వానలు తగ్గుముఖం పట్టి, మట్టిగోడల తడి వాసన ఇంకా పోకముందే బతుకమ్మ వచ్చేది. తంగేడు మోపులు, గునుగు కట్టలు అరుగు నిండా పడేవి. పొయ్యి మీద మరిగే రంగునీళ్ళలో గునుగు కొసలను ముంచి తీస్తుంటే మా వేళ్ళు వారం దాకా ఎర్రగానో పచ్చగానో ఉండేవి. లోపల నువ్వులు వేగే వాసన, రొట్టె, బెల్లం కలిపి చేసే మలీద ముద్దల కోసం రోట్లో దంచే చప్పుడు. తాంబాళంలో పూలు పేర్చే అధికారం అవ్వ ఒక్కదానిదే. చిన్నతనంలో అమ్మవారు పోసి ఆమె కళ్ళలో ఒకదానికి తెల్లని పొర కమ్మింది. అందుకని ముఖం ఓరగా తిప్పి, మంచి కంటితో వరుసను పరీక్షించి, ఒక్క పువ్వు పక్కకు జరిగినా పీకి మళ్ళీ పెట్టించేది. క్రమం మీద నాకున్న ప్రీతి ఆ తాంబాళం దగ్గర పుట్టిందే.

అయితే ఆట దగ్గరికి వెళితే, "ఒంటికన్ను ముసలిదాని మనుమరాలొచ్చిందే! చూసి నడువవే, బురదల పడ్తవ్" అని వాడకట్టు పిల్లలు నవ్వేవారు. నేను అవ్వ మీద కోపం తెచ్చుకునేదాన్ని.

ఆ కాలంలో మా వైపు బతికి ఉన్నవారిని ఫోటో తీయించేవారు కాదు. ఆయుష్షు తగ్గుతుందని భయం; పోయాకే తీయించేవారు. ఒకసారి జాతరలో, ఫోటో దిగుదాం రమ్మని అవ్వ కొంగు లాగాను. "ఏందే పోరీ, నన్నప్పుడే పంపుతున్నవా?" అని ఆమె పడీపడీ నవ్వింది.

మరుసటి చలికాలంలో అవ్వ పోయింది. మానుకోట నుంచి మేనత్త రైలులో వచ్చేదాకా శవాన్ని ఉంచారు; ఈలోగా జనగామ నుంచి ఫోటో ఆయన సైకిలు మీద మూడుకాళ్ళ స్టాండు కట్టుకుని వచ్చాడు. స్నానం చేయించి, కొత్త చీర కట్టి, అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా పాత చీర పీలికతో నడుమును వెనక్కి కట్టారు. నాకు తొమ్మిదేళ్ళు.

ఫోటో తీశాక ఆయన నన్ను పక్కకు పిలిచాడు. "కండ్లు మూసున్నయ్ బిడ్డా, నేనే కుంచెతోటి గియ్యాలె. మీ బాపు ఏడుస్తున్నడు, ఎట్లడుగుత? మీ అవ్వ కండ్లు ఎట్లుంటుండె?"

"రెండూ మంచిగుంటుండె" అన్నాను.

పదకొండో దినాన ఫోటో వచ్చింది. బట్ట విప్పగానే అందరూ ముందుకు వంగి చూశారు. అవ్వ చీరలో, అవ్వ కుర్చీలో, ఎవరో పరాయి మనిషి రెండు పెద్ద కళ్ళతో సూటిగా నన్ను చూస్తున్నది. అవ్వ ఎన్నడూ ఎవరినీ అంత సూటిగా చూసి ఎరగదు. "గిది మా అవ్వేనా?" అన్నాడు బాపు. మేనత్త కళ్ళు తుడుచుకుని, "పోనీ తియ్యన్నా. సచ్చినంకనన్న రెండు కండ్లొచ్చినయ్" అన్నది. ఫోటో గోడకెక్కింది. నేను చెప్పిన మాట మాత్రం ఎవరికీ తెలియలేదు.

దుకాణంలో ఆ బటను లేని కెమెరాయే కావాలని గట్టిగా చెప్పాను. అటువంటిది ఒకటే ఉంది, నల్లనిది. "గిది ముసలోల్లు పట్టుకునేటట్టున్నది అమ్మమ్మా" అని మేఘన మూతి ముడిచింది. "మీ అమ్మమ్మ లెక్కనే స్ట్రిక్టు పాపా, ఉన్నదున్నట్టు చూపిస్తది" అని దుకాణదారు నవ్వాడు.

ఇంటికి వచ్చినా పిల్ల అలక తీరలేదు. కారణం చెప్పకుండా ఆజ్ఞాపించడం నా అలవాటే గాని, ఆ సాయంత్రం ఆమెను, బాపు తర్వాత నా ఇంటి గోడకు చేరిన అవ్వ ఫోటో ముందు నిలబెట్టి, ఎన్నడూ ఎవరికీ చెప్పనిదంతా చెప్పాను. అలక మరచి విన్నది. కెమెరా ఎత్తి అవ్వను ఫోటో తీసింది. ఆ తెర మీద వేలు పెట్టి, దగ్గరికి వచ్చి అడిగింది.

"ఏ కంటికి పొర అమ్మమ్మా? కుడిదా, ఎడమదా?"

చెప్పబోయాను. అరుగు గుర్తున్నది, తాంబాళం గుర్తున్నది, పువ్వును పీకే ఆ వేళ్ళ రంగు గుర్తున్నది. ముఖం ఓరగా తిప్పడమూ గుర్తున్నది. ఎటువైపు తిప్పేదో గుర్తు లేదు. బాపు లేడు, మేనత్త లేదు, నన్ను చూసి నవ్విన వాడకట్టు పిల్లల్లో ఒక్కరూ ఆ ఊళ్ళో లేరు. మా ఇంట్లో అవ్వను చూసినవారిలో నేనొక్కదాన్నే మిగిలాను. కళ్ళు మూసుకుని ఎంత వెతికినా, గోడ మీది ఆ రెండు మంచి కళ్ళే కనిపిస్తున్నాయి.