ఇల్మేన్ దాచుకున్న మూడో చరణం

తొమ్మిదేళ్ళప్పుడు ఒడీలియా ఒక మాట అంది. చక్కెర మిల్లు పక్కనున్న బడి గేటు దగ్గర అమ్మమ్మ ఇల్మేన్ హైతీ భాష క్రియోల్‌లో పలకరించబోతే, "ఇక్కడ ఆ భాష మాట్లాడకు. అందరూ నవ్వుతున్నారు" అంది. చెరకు కొట్టడానికి హైతీ నుంచి వచ్చినవాళ్ళ పిల్లలంటే అప్పట్లో క్యూబాలో లోకువ. ఇల్మేన్ తలూపి వెళ్ళిపోయింది. మళ్ళీ మనవరాలి ముందు ఆ భాషలో నోరు విప్పలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఒడీలియా ముప్పై నాలుగేళ్ళుగా తీసుకోవాలనే చూస్తోంది.

ఇప్పుడామెకు కామగ్వే పట్టణంలో రొట్టెల బట్టీలో పని. సాయంత్రాలు తనలాంటి మనవలతో, మనవరాళ్ళతో పదిమంది జట్టు కట్టి తాతల పాటలు పాడుతుంది. ఊరూరా తిరిగి ముసలివాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పాటలు రాసుకొచ్చింది. సొంత అమ్మమ్మ మాత్రం చెరకు కోతల పాటలో రెండు చరణాలే ఇచ్చింది, అదీ పక్కింటావిడ చేత చెప్పించి. మూడో చరణంలో ఇల్మేన్ తండ్రి అసలు పేరుంది. అది పలకడం రాని మేస్త్రీ కూలీల పుస్తకంలో ఫెలీపె అని రాసుకున్నాడు. సమాధి మీదా అదే ఉంది. నిజం పేరు ఆ పాటలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇల్మేన్‌కు తొంభై ఒకటి, ఊపిరి తీస్తే పిల్లికూతలు.

"ముందు పాడి వినిపించండి. తర్వాత చూద్దాం" అని ఇల్మేన్ జట్టుకు కబురంపింది.

పదిమందీ లారీ ఎక్కి వచ్చారు. ఇల్మేన్ చనిపోయినవాళ్ళ కోసం మూడు చుక్కల కాఫీ నేల మీద వంచి కుర్చీలో కూర్చుంది. జట్టు పాడింది. ఒక గొంతు ఆగకముందే ఇంకోటి అందుకుంది, ఎక్కడా చిన్న సందు లేదు. వాకిట్లో చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఇల్మేన్ కర్ర పట్టుకుని లేచింది. "బాగుంది. రేడియోలా ఉంది."

"మూడో చరణం, అమ్మమ్మా?"

"అంతా మీరే పాడేసుకున్నారుగా. ఇక నాతో పనేముంది?"

జట్టు నడిపే ఎవేలియో మొహం మాడిపోయింది. "తప్పెక్కడుందమ్మా? నెలన్నర కూర్చుని కుదిర్చాను."

"అదే తప్పు నాయనా. చేలో ఒకడు మాట విసిరి ఆగేవాడు. అవతలి సాలు నుంచి జవాబొస్తేనే కత్తి లేచేది. నువ్వు జవాబులు కూడా ఇంట్లోనే వండుకొచ్చావు."

గుమ్మం వైపు రెండడుగులు వేసింది. ఆ తలుపు మూసుకుంటే మళ్ళీ తెరుచుకోదని ఒడీలియాకు తెలుసు. ముందుకొచ్చి, ఒక్కతే మొదటి పాదం విసిరి ఆగింది.

జవాబు లేదు. కోడి నేల గీకుతోంది. ఎవేలియో ఆ ఖాళీ పూడ్చడానికి ఊపిరి తీయబోతే, ఒడీలియా అతని మణికట్టు నొక్కి పట్టుకుంది. మళ్ళీ విసిరింది, మళ్ళీ ఆగింది. ముసలామె వీపు కదల్లేదు.

అప్పుడిక పాట వదిలేసి, జీవితంలో మొదటిసారి అమ్మమ్మతో క్రియోల్‌లో అంది: "మాట్లాడు అమ్మమ్మా. ఎవరు నవ్వినా సరే. ఆ రోజు నేను తప్పు చేశాను."

ఇల్మేన్ కర్రను రెండు చేతులా పట్టుకుంది. గుమ్మం వైపే మొహం ఉంచి, పగిలిన గొంతుతో పాట అందుకుంది. రెండో పాదానికి దగ్గొచ్చింది, ఆగి మళ్ళీ పాడింది. మూడో చరణం చివర తండ్రి పేరు విసిరి, వెనక్కి తిరిగి మనవరాలి కళ్ళలోకి చూసింది. ఈసారి జవాబు ఒడీలియా వంతు.

"మొందెజీర్" అని ఆ పేరే తిరిగి పలికింది ఒడీలియా ఏడుస్తూ.

"ఇంకాస్త గట్టిగా అనవే" అంది ఇల్మేన్. "బడి దాకా వినపడాలి."