ఏట్లో ఎవరూ లేరన్న మాట

ఉదయం ఆరూ పదికి మా మరదలు స్టవ్ మీద టీ పెట్టింది. మరదలంటే మా తమ్ముడి భార్య. మందతో వలస పోయిన నెలల్లో తమ్ముడు రోజూ ఆ వేళకే ఫోన్ చేసేవాడు. టీ పొంగేలోపు మాటలు అయిపోయేవి. ఆ రోజు టీ చల్లారింది. వాడి ఫోన్ స్విచ్ ఆఫ్ అని వస్తోంది.

మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా ఇంటికి గొర్రెలే ఆధారం. నేను చదువుకుని ఆత్మకూరులో చిన్న ఉద్యోగంలో చేరాను, ఇంటి నుంచే వెళ్లొస్తాను. మందను తమ్ముడూ చిన్నాయనా చూసుకునేవారు. మెట్టలో మేత అయిపోగానే ఇద్దరూ గొర్రెలను తోలుకుని వెళ్లిపోయేవారు. ఎక్కడ గడ్డి ఉంటే అక్కడ పగలు మేపి, రాత్రికి ఏదో ఒక రైతు పొలంలో మంద కట్టేవారు. పొలానికి ఎరువు, మావాళ్లకు గింజలు. నాయన కాలం నుంచీ అంతే.

ముందురోజు మధ్యాహ్నం పెన్న మీద సోమశిల డ్యాము గేట్లు ఎత్తారు. పై జిల్లాల్లో వానలు. ఏటి గట్టున ఉన్న ఊళ్లలో మైకులు పెట్టి హెచ్చరించారని టీవీలో చెప్పారు. మేం ఆ నీళ్లను చూస్తూ అన్నం తిన్నాం. భయమేమీ వేయలేదు. మంద పడమట, కొండలవతల, బద్వేలు వైపు ఉందని తమ్ముడు చెప్పి ఉన్నాడు.

అది అబద్ధం. ఆ సంగతి మాకు తట్టి ఉండాల్సింది.

గొర్రెలు కాసేవాళ్లు గడ్డి ఉన్న చోటు చెప్పరు. తూర్పుకు పోతే పడమర అంటారు. మంచి మేత ఉందని తెలిస్తే నాలుగు మందలు వచ్చి పడతాయి, వారంలో నేల బోడి అవుతుంది. పెళ్లానికి చెబితే బోరింగు దగ్గర బయటపడుతుందని పెళ్లానికీ చెప్పరు. మా నాయన ఏళ్ల తరబడి మా అమ్మకు తప్పు ఊరి పేర్లే చెప్పాడు. అమ్మ అడగడం మానేసింది. మేం దాన్ని తెలివి అనుకుంటూ పెరిగాం.

మరదలి అన్న, నేను బావా అని పిలిచే మనిషి, పక్క ఊరు. అతనికీ గొర్రెలున్నాయి. విషయం చెప్పగానే బండి వేసుకొచ్చాడు.

"ఏడవబాకమ్మే," అన్నాడు చెల్లెలితో. "పోయినేడు గూడా ఫోను కుంటలో పడేసుకోలా? నీ మొగుడికి గొర్రెను పట్టుకునే చెయ్యి ఉండాది గాని ఫోను పట్టుకునే చెయ్యి లేదు."

సీతారామపురం మీదుగా కొండలు దాటి అవతలికి దిగాం. కనపడిన ప్రతి మందనూ ఆపి అడిగాం. ఒక టీ అంగడి దగ్గర మావాళ్లను ఎరిగిన ముసలి కాపరి దొరికాడు.

"మీ మంద ఈ పక్కకి రాలేదబ్బయా," అన్నాడు.

బావ నవ్వాడు. "రాలేదంటే వచ్చినట్టే. యాడుండాదో చెప్పు పెద్దాయనా. మీ గడ్డి మేమేం మూటగట్టుకొని పోములే."

"రాలేదని చెప్తా ఉంటే!"

మేం నమ్మలేదు. కాపరి మాటను కాపరి ఎందుకు నమ్ముతాడు? అడవి అంచు వెంబడి, చెరువుల వెనక, బండి పోని చోట కాలినడకన తిరిగాం. బావ గొంతు బొంగురుపోయేదాకా తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచాడు. పొద్దు వాలే వేళకు మళ్లీ అదే టీ అంగడి. టీవీలో పెన్న. ముసలాయన మా కాళ్లకున్న బురద చూసి లేచి నిలబడ్డాడు.

"ఇంతసేపు తిరిగినారంటే నిజంగానే తెలవక వచ్చినారా? నేను గడ్డి వాసన పట్టుకొని వచ్చినారనుకున్నా గదరా. మీ చిన్నాయన తూర్పుకు తోలినాడు. ఆత్మకూరు దాటినాక, పెన్నలో దిబ్బ మీద నడుమెత్తు గడ్డి ఉండాదంట. సంతలో ఒట్టేయించుకొని చెప్పినాడు." ఊరి పేరు కూడా చెప్పాడు.

"పొద్దున్నే ఆ ముక్క చెప్పుంటే నీ నోరు పడిపోయుండునా?"

"ఒట్టేసినానంటిని గదా. నా చోట్లో నువ్వుంటే చెప్తావా?"

బావ బండి స్టార్టు చేశాడు. అతనూ చెప్పి ఉండడు.

దారిలో మండలాఫీసుకు ఫోన్లు చేశాం. ఆ ఊరి దగ్గర ఏట్లో ఎవరూ చిక్కుకోలేదని సమాచారం ఉందనీ, బోటు ఇంకో చోట ఉందనీ అవతలి గొంతు చెప్పింది. మాట మర్యాదగానే ఉంది. బావ పుట్టి కోసం, అంటే చేపలవాళ్ల గుండ్రటి పడవ కోసం, సోమశిల వెళ్లాడు. నేను తెల్లవారేసరికి ఆ ఊరు చేరి, ఏటి ఒడ్డున పొలాలున్న రైతు ఇంటికి వెళ్లాను. మా నాయన ఆయన పొలాల్లో ఎన్నో ఏళ్లు మంద కట్టాడు. మంద దిబ్బ మీదికి పోయిందంటే ఆయన పిలిస్తేనే.

"రా అబ్బయా, కూర్చో. ఇంత పొద్దున్నే ఏంది? కాఫీ తాగు," అన్నాడు.

వసారాలో స్విచ్ బోర్డు పక్కన కిటికీలో తమ్ముడి ఫోన్ ఉంది. మెళ్లో వేసుకోవడానికి మరదలు ఎర్రతాడు కట్టి ఇచ్చిన ఫోన్.

"ఇది మావాడిది."

"అవును. ఛార్జింగు పెట్టమని మొన్న ఇచ్చిపోయినాడు. కరెంటు ఉంటే గదా."

"వాడేడి?"

"దిబ్బ మీదే ఉంటారు. అది మునిగేది కాదు, మా నాయన కాలం నుంచి చూస్తా ఉండా. రెండ్రోజుల్లో ఏట్లో నీళ్లు తీస్తాయి. వాళ్లే వస్తారు."

గేటు దగ్గర నిలబడ్డ ఊరి తలారి ఈ మాట విన్నాడు. మైకు పట్టుకుని ఊరంతా తిరిగింది అతనే.

"ఏందయ్యా ఇది? ఏట్లో ఎవరూ లేరంటివే! మొన్న సాయంత్రం అడిగితిమి, నిన్న పొద్దున గూడా అడిగితిమి."

"నువ్వు నోరు మూసుకోరా," అని, నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "బోటును పిలిస్తే దాంట్లో ఆఫీసరు గూడా ఎక్కొస్తాడు అబ్బయా. ఏట్లో సర్కారు నేల మీద తోట ఎవరిదంటాడు. నిమ్మచెట్లన్నీ పీకేస్తారు. చదువుకున్నోడివి, నీకు తెలవందేముండాది?"

నేను అర్థం చేసుకుంటానని ఆయన నిజంగా అనుకున్నాడు. కాఫీ గ్లాసు ఇంకా నా ముందుకు చాచే ఉన్నాడు. ఫోన్ తీసుకుని బయటికి వచ్చేశాను. ఆ గ్లాసు ఆయన మొహాన ఎందుకు కొట్టలేదని ఈ రోజుకీ అనుకుంటాను.

బావ గూడ్సు ఆటోలో పుట్టి వేసుకొచ్చాడు. దాంతో చేపలు పట్టే మొగుడూ పెళ్లాలు కూడా వచ్చారు. నేరుగా దిబ్బకు వేస్తే వరద కిందికి లాగేస్తుందని, ఆటోను గట్టు వెంబడి చాలా దూరం పైకి పోనిచ్చి అక్కడ పుట్టిని నీళ్లలో దించారు. ఆయన తెడ్డు వేస్తున్నాడు. ఆమె నూనె డబ్బాతో నీళ్లు తోడి పోస్తోంది. ఈత రాని బావ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"కళ్లు తెరువు సామీ, మొద్దులొస్తే చెప్పాల గదా," అంది ఆమె. "ఈ నీళ్లేం చేస్తాయి? మా ఊరు మొత్తం డ్యాము నీళ్ల కిందనే ఉండాది. మేం బతకలా?"

గడ్డివాములు, ఒక తలుపు, ఉబ్బిన దూడ మా పక్కనుంచి కొట్టుకుపోయాయి. సుడి దగ్గర పుట్టి బొంగరంలా తిరిగింది. ఆయన తెడ్డును అడ్డంగా నొక్కి బయటికి లాగాడు. దిబ్బ తగిలే చోట ఆమె ముందు దూకి తుమ్మకొమ్మ పట్టుకుంది.

ఎత్తుగా మిగిలిన ముక్కలో గొర్రెలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. నిమ్మచెట్ల తలలు నీళ్లపైన కనిపిస్తున్నాయి. చిన్నాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"వాడేడి చిన్నాయనా?"

"నిన్న మజ్జానం దాకా చూసినాడు. గట్టు మీద మనుషులు కనపడతానే ఉండారు. కేకలేసినాం. టవలు ఊపినాం. 'అయ్యకు ఎరికే గదా చిన్నాయనా, బోటు పంపిస్తాడులే' అంటానే ఉండినాడు. నీళ్లు ఎక్కుతా ఉండాయి. పోయి చెప్పొస్తానని దూకినాడు."

నిన్న మధ్యాహ్నం మేం కొండలవతల ఉన్నాం.

తమ్ముడు సంగం దగ్గర దొరికాడు.

పేపర్లో 'పెన్నమ్మ ఒడిలో శాశ్వత నిద్ర' అని వేశారు. నాకు చదవడం ఇష్టం. అందుకే ఆ వాక్యం మీద కోపం. వాడు నిద్రపోలేదు. ఎవరి ఒడిలోనూ లేడు. నీళ్లు మింగి చచ్చిపోయాడు. ఊపిరితిత్తుల్లో బురద ఉంది. రాత అన్నారు బంధువులు. దిబ్బ మీద ఇద్దరు మనుషులున్నారని తెలిసిన మనిషి, రెండుసార్లు అడిగితే రెండుసార్లూ లేరన్నాడు. దాన్ని రాత అనడం నాకు చేతకాదు. ఆయనకు తోట పోతుందన్న భయం తప్ప మావాళ్ల మీద పగేమీ లేదని పెద్దమనుషులు చెప్పారు. పగ ఉండి చేసి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

మావాళ్ల మీద కూడా నాకు కోపమే. ఒక పగలంతా మా తెలివి తినేసింది. చిన్నాయనతో ఈ మాట అన్నాను. ఆయన తల వంచుకుని, "గడ్డి సంగతి ఎట్ట చెప్తాంరా," అన్నాడు. అప్పుడు కూడా.

పెద్దదినం నాడు ఆ రైతు ఇద్దరు మనుషులతో వచ్చాడు. బియ్యం మూట వాకిట్లో దించారు. మా వీధిలో పెద్దలు లేచి ఆయనకు కుర్చీ వేశారు. అదీ చూశాను. మరదలు లోపలినుంచి వచ్చింది. ఎన్నడూ మగవాళ్ల ముందు గొంతెత్తని మనిషి.

"ఏట్లో ఎవురూ లేరంటివి గదా," అంది. "లేనోడి దినానికి బియ్యం ఎందుకు తెచ్చినావు?"

"అమ్మా, నేను ఉద్దేశించి..."

"మూట ఎత్తించు. నువ్వెత్తలేకపోతే మా అక్క ఎత్తిస్తాది."

ఆమె అక్కా అని పిలిచే నా భార్య అప్పటికే మూట దగ్గరికి నడిచింది. ఆయన మనుషులు తొందరగా ఎత్తుకున్నారు. కుర్చీ వేసిన పెద్దల్లో ఒకాయన, మందలు తోలే కుటుంబంలోని మనిషే, లేచి ఆ కుర్చీని గోడ వారకు జరిపాడు. ఎవరూ కూడబలుక్కోలేదు, తీర్మానం చేయలేదు. కోతలయ్యాక ఆ రైతు మనిషి మంద కట్టమని అడగడానికి మా పల్లెకు వచ్చి ఇల్లిల్లూ తిరిగి, మళ్లీ ఒంటరిగా వెళ్లిపోయాడు. మరుసటేడు కూడా వచ్చాడు.

ఆయన పొలంలో ఇప్పుడు ఎవరూ మంద కట్టరు.